మోకాలు, తుంటి మార్పిడి అయ్యాక నొప్పి తగ్గకపోతే: వరసగా ఏం చూసుకోవాలి

మోకాలు మార్పించుకున్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి, తుంటి మార్పించుకున్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి నెలలు గడిచినా చెప్పుకోదగ్గ నొప్పి మిగిలిపోతుంది. ఆపరేషన్‌కి ముందు ఈ లెక్క విన్నవాళ్లు తక్కువ. అందుకే నొప్పి తగ్గనివాళ్లు తమ ఒక్కరికే ఇలా జరిగిందనుకుంటారు. వ్యాయామాలు సరిగ్గా చేయలేదేమోనని తమను తామే తిట్టుకుంటారు, లేదంటే సర్జన్‌ని తిట్టుకుంటారు.

ఆ తర్వాత సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. "ఎక్స్‌రే బాగుంది, ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్న మాట పట్టుకుని ఏళ్లు లాగేస్తారు. లేదా కారణం తేలకుండానే రెండో ఆపరేషన్‌కి సిద్ధపడతారు. రెండూ నష్టమే. నొప్పి పుడుతున్నది మార్చిన జాయింట్‌లోనా, దాని చుట్టుపక్కలా, నడుములోనా, నరాల్లోనా అని ఒక వరసలో వెతికితే చాలాసార్లు ఆచూకీ దొరుకుతుంది. ఆ వెతుకులాటలో సగం పని డాక్టర్‌ది, సగం మీది. ఈ వ్యాసం ముఖ్యంగా మీ సగం గురించి.

ముందు ఇవి ఉన్నాయేమో చూడండి

కింద చెప్పినవాటిలో ఏది ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

- చలితో జ్వరం, గాటు దగ్గర ఎరుపు పెరగడం, చీము గానీ నీరు గానీ కారడం.
- నిన్నటిదాకా నడిచిన కాలిమీద ఇవాళ బరువు మోపలేకపోవడం, ముఖ్యంగా పడిపోయిన తర్వాత.
- తుంటి మార్చిన కాలు హఠాత్తుగా విపరీతంగా నొప్పెట్టి, పొట్టిగా, పాదం పక్కకి తిరిగి కనబడటం. తుంటి కీలులోని బంతి, అది తిరిగే గిన్నెలోంచి జారిపోయి ఉండవచ్చు.
- ఒక్క పిక్కే వాచి, గట్టిపడి, నొప్పెట్టడం. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే అంబులెన్స్ పిలవండి. కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు.

గాటు మానిన ఏడాదికో రెండేళ్లకో ఉన్నట్టుండి జాయింట్ వాచి కాలిపోతున్నా అంతే తొందర. వేరే చోటి ఇన్‌ఫెక్షన్ రక్తం ద్వారా వచ్చి కృత్రిమ కీలు మీద స్థిరపడటం ఎన్నేళ్లకైనా జరగవచ్చు.

1. ఎన్ని నెలలైందో లెక్కపెట్టండి

ఆరో వారంలో ఉన్న నొప్పికీ ఆరో నెలలో ఉన్న నొప్పికీ అర్థం వేరు. మోకాలు మార్పిడి తర్వాత వాపు మూడు నుంచి ఆరు నెలలు ఉండటం, ముట్టుకుంటే రెండో మోకాలికన్నా వెచ్చగా తగలడం, లోపల టక్కుటక్కుమనడం మామూలే. గాటుకి బయటి పక్కన చర్మం మొద్దుబారడం కూడా అంతే. అక్కడి సన్నని నరం గాటుతోపాటే తెగుతుంది. మొద్దుబారిన మేర మెల్లగా కుంచించుకుపోవచ్చు గానీ పూర్తిగా పోతుందన్న హామీ లేదు. మోకాళ్లమీద కూర్చోవడం చాలామందికి ఎప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. తుంటి దీనికన్నా త్వరగా సర్దుకుంటుంది. ఏదైనా ఏడాదిదాకా మెరుగుపడే అవకాశం ఉంటుంది.

అలాగని ఏడాది చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం, ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటి నిలిచిన నొప్పికి వేరే కారణం కనబడకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. 2022లో ఫలితాలు వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధనలో, మోకాలు మార్పిడి అయిన మూడు నెలలకి నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లను పిలిచి, వివరంగా పరీక్షించి, ఎవరికి ఏ చికిత్స కావాలో అటు పంపి, ఫోన్‌లో వాకబు చేస్తూ వచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లకి మిగతావాళ్లకన్నా నొప్పి తక్కువగా ఉంది. తేడా పెద్దదేమీ కాదు. అయినా మూడో నెలలోనే అడగడం దండగ కాదని చెప్పడానికి అది చాలు.

నెలల లెక్కకన్నా ముఖ్యమైనది నొప్పి నడిచే దిశ. వారం వారం చూస్తే తేడా తెలియదు, ఈ నెలని పోయిన నెలతో పోల్చండి. నెమ్మదిగానైనా తగ్గుతూ ఉంటే ఓపిక పట్టవచ్చు. రెండు నెలలుగా ఒకే చోట ఆగిపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతున్నా డాక్టర్‌ని కలవాల్సిందే.

మోకాలు సరిగ్గా వంగకపోతే మాత్రం గడువు ఇంకా దగ్గర. మత్తు ఇచ్చి మోకాలిని వంచి అతుకులు విడదీసే పద్ధతి మొదటి మూడు నెలల్లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ లోపలి మచ్చ కండ గట్టిపడిపోతుంది. "వంగుతుందిలే" అని ఎవరన్నా సరే, ఆరో వారానికే ఎన్ని డిగ్రీలు వంగుతోందో, పూర్తిగా చాపగలుగుతున్నారో లేదో కొలిపించి రాయించుకోండి.

2. నొప్పిని గమనించండి: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో ఇదే అన్నింటికన్నా విలువైన పని. స్కానింగ్ చెప్పలేని విషయం రోగి చెప్పే నాలుగు వాక్యాల్లో దొరుకుతుంది. కానీ ఓపీలో దొరికే కొద్ది నిమిషాల్లో "నొప్పిగా ఉంది డాక్టర్‌గారూ" అనేసి వచ్చేస్తాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది పాత నొప్పా, కొత్త నొప్పా? ఆపరేషన్‌కి ముందున్న నొప్పే అదే చోట, అదే తీరులో కొనసాగుతోందంటే దాని మూలం అరిగిన జాయింట్ కాకపోయి ఉండవచ్చు. నడుము నుంచి వచ్చే నొప్పి తుంటి నొప్పిలా కనబడుతుంది. తుంటి అరిగితే మోకాలు నొప్పెడుతుంది, ఎందుకంటే రెంటికీ కొన్ని నరాలు ఉమ్మడి. మోకాలు మార్చినా నొప్పి పోనివాళ్లు సాక్సు తొడుక్కోవడానికి కాలు తిప్పినప్పుడు గజ్జల్లో పట్టేస్తుంటే తుంటి ఎక్స్‌రే తీయమని అడగాలి. ఇది తేలికగా మరిచిపోయే పరీక్ష.

నొప్పి కొత్తదైతే, మొదటినుంచీ ఉందా, మధ్యలో బాగుండి మొదలైందా? మొదటిరోజు నుంచీ ఒక్కరోజు కూడా వదలని నొప్పికి ఇన్‌ఫెక్షన్, కీలు అమరికలో తేడా, నరం దెబ్బతినడం లాంటివి అనుమానించాలి. ఏడాదో అయిదేళ్లో హాయిగా తిరిగాక మొదలైతే కీలు ఎముకలోంచి వదులవడం, మధ్యలోని ప్లాస్టిక్ అరగడం, సన్నని పగులు, ఆలస్యంగా వచ్చిన ఇన్‌ఫెక్షన్ ముందు వరసలో ఉంటాయి.

రోజులో ఎప్పుడు వస్తోందన్నదీ చాలా చెబుతుంది. కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగడుగులు పోటుగా ఉండి, నడుస్తుంటే తగ్గితే కీలు వదులైందేమో చూడాలి. పడుకున్నా, కదలకపోయినా, రాత్రి నిద్రలో కూడా సలుపుతుంటే ఇన్‌ఫెక్షన్ సంగతి తేల్చాలి. మెట్లు ఎక్కేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలి ముందు భాగం నొప్పెడితే చిప్ప దగ్గర వెతకాలి. మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టు, నమ్మలేనట్టు అనిపిస్తే లిగమెంట్లు (కీలుని పట్టి ఉంచే బంధాలు) వదులుగా ఉన్నాయేమో పరీక్షించాలి. ఈ చివరిది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, డాక్టర్ చేత్తో పట్టి కదిపి చూడాల్సిందే.

ఇక చోటు. తుంటి విషయంలో చోటే సగం జవాబు. గజ్జల్లో నొప్పి గిన్నె వైపు వేలు చూపిస్తుంది. కారెక్కేటప్పుడు కాలు పైకెత్తితేనే గజ్జల్లో వస్తుందా? అయితే ముందువైపు కండర బంధం గిన్నె అంచుకి రాసుకుంటోందేమో. తొడ మధ్యలో నొప్పి ఎముకలోకి దించిన కాడకి సంబంధించినది కావచ్చు. సిమెంట్ వాడని రకాల్లో ఇలాంటి తొడనొప్పి ఏడాది రెండేళ్లలో దానంతటదే తగ్గిపోవడం ఉంది. పక్కకి తిరిగి పడుకుంటే తుంటి బయటివైపు ఎముక బొడిపె మీద నొప్పి వస్తే అక్కడి కండర బంధాలది. పిరుదులో మొదలై మోకాలు దాటి పాదందాకా లాగితే నడుమునే అనుమానించాలి. నిలబడితే పెరిగి, ముందుకి వంగి కూర్చుంటే తగ్గితే ఆ అనుమానం బలపడుతుంది. ఇంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదిలేస్తుంది, పాదం చల్లగా ఉంటుంది అంటే ఇది ఎముకల డాక్టర్ పని కాదు, రక్తనాళాలు చూపించుకోవాలి. పొగతాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఇక నొప్పి తీరు. పోటు, సలుపు, బరువు ఒక జాతి. మంట, కరెంటు షాకులా జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండటం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం మరో జాతి. రెండోది నరాల నొప్పి. గాటు పక్కన ఒక్క చోట వేలితో తడితే షాక్ కొట్టినట్టుంటే అక్కడ తెగిన నరం కొన గడ్డకట్టి ఉండవచ్చు. కాలు రంగు మారడం, ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా ఉండటం, విపరీతంగా చెమట పట్టడం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా నొప్పి నిపుణుణ్ని కలవండి. ఈ లక్షణాలు సీఆర్‌పీఎస్ అనే నొప్పి జబ్బువి కావచ్చు, దానికి చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

3. దాన్నంతా ఒక్క పేజీలో పెట్టండి

రెండు వారాలపాటు రోజూ ఒక్క నిమిషం చాలు. ఉదయం, రాత్రి నొప్పికి పదికి ఎన్ని మార్కులు, ఏం చేస్తే పెరిగింది, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపు తగ్గింది, నిద్ర ఎన్ని గంటలు. దీంతోపాటు నొప్పినీ, రోజువారీ పనుల్లో ఇబ్బందినీ కొలిచే ఆక్స్‌ఫర్డ్ స్కోర్ కూడా నింపుకోండి. తుంటికి 1996లో, మోకాలికి 1998లో తయారైన ప్రశ్నావళులు ఇవి. ఒక్కోదాంట్లో 12 ప్రశ్నలు, మొత్తం 48 మార్కులు, ఎక్కువ వస్తే మంచిది. ఒక్కసారి వచ్చిన మార్కులకన్నా మూడు నెలల తేడాతో రెండుసార్లు నింపి పోల్చితేనే ఉపయోగం.

కాగితాలు కూడా ఇప్పుడే జమచేయండి: ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) పేరు, సైజు ఉన్న స్టిక్కర్లు, ఇప్పటిదాకా తీసిన అన్ని ఎక్స్‌రేలు తేదీల వరసలో. ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రే మరిచిపోవద్దు. నొప్పి విపరీతంగా ఉండి, ఆ ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిగానే ఉన్నవాళ్లకి మార్పిడి తర్వాత తృప్తి తక్కువగా ఉంటుందని తెలిసిన విషయమే. ఆ పాత ఫిల్మ్ చూస్తే నొప్పికి మూలం వేరే చోట ఉందేమోనన్న ఆలోచన డాక్టర్‌కి రావచ్చు.

4. పరీక్షలకి ఒక వరస ఉంది

ఎక్స్‌రే నిలబడి తీయించుకోండి. పడుకుని తీసిన మోకాలి ఎక్స్‌రేలో బరువు పడ్డప్పటి అమరిక కనబడదు. కొత్త ఫిల్మ్‌ని ఒంటరిగా కాక పాతవాటి పక్కన పెట్టి చూడమని అడగండి. ఎముకకీ లోహానికీ మధ్య నల్లని గీత వెడల్పవుతోందా, కీలు కాస్త కుంగిందా అన్నది పోల్చితేనే తెలుస్తుంది.

తర్వాత రక్తపరీక్షలు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ. ఒంట్లో వాపు గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉంటే ఇవి పెరుగుతాయి. ఏ లక్షణం ఉన్నా లేకున్నా, నొప్పి తగ్గని ప్రతి ఒక్కరికీ ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చాల్సిందే. అది వచ్చేది నూటికి ఒకరిద్దరికే కావచ్చు, కానీ వదిలేస్తే ఎముకని తినేస్తుంది. సీఆర్‌పీ ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాల్లోనే మామూలుకి వస్తుంది, ఈఎస్ఆర్ నెలల తరబడి ఎక్కువగా ఉండవచ్చు. కీళ్లవాతం ఉన్నవాళ్లకి రెండూ ఎక్కువగానే ఉంటాయి కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి. అలాగే, నెమ్మదిగా పెరిగే కొన్ని సూక్ష్మజీవులు రెండింటినీ పెద్దగా పెంచవు. అనుమానం గట్టిగా ఉంటే జాయింట్‌లోంచి సూదితో నీరు తీసి కణాలు లెక్కించి, కల్చర్‌కి (అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) పంపాలి. ఆ కల్చర్‌ని 14 రోజులదాకా ఉంచి చూడటం మంచి పద్ధతి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఆ నీరు తీసేలోపు "ఎందుకైనా మంచిది" అని ఎవరు రాసిచ్చినా యాంటీబయాటిక్ మింగొద్దు. ఒళ్లు తెలియని జ్వరంతో ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ ఆసుపత్రివాళ్లు నిర్ణయిస్తారు. మిగతావాళ్లు మందు మొదలుపెడితే సూక్ష్మజీవి కల్చర్‌లో దొరకదు. దొరక్కపోతే ఏ మందు పనిచేస్తుందో తెలియదు. ఇప్పటికే వాడుతుంటే, డాక్టర్‌ని అడిగి, సాధారణంగా రెండు వారాలు ఆపి పరీక్ష చేస్తారు. మార్చిన జాయింట్‌లోకి ఊరికే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం కూడా అలాంటిదే. ఇన్‌ఫెక్షన్ లేదని తేలకుండా దానికి ఒప్పుకోకండి.

ఈ రెండు మెట్లు దాటాకే మిగతావి. మోకాలి భాగాలు మెలి తిరిగి కూర్చున్నాయేమో చూడటానికి సీటీ. కండరాలకి, బంధాలకి అల్ట్రాసౌండ్, లేదా లోహం వల్ల బొమ్మ చెదరకుండా తీసే ప్రత్యేక ఎంఆర్ఐ. నడుము అనుమానం ఉంటే నడుము ఎంఆర్ఐ. తుంటిలో లోహపు బంతి లోహపు గిన్నెలో తిరిగే రకం ఉన్నవాళ్లు రక్తంలో కోబాల్ట్, క్రోమియం చూపించుకోవాలి. బోన్ స్కాన్ మొదటి ఏడాదిలో మామూలుగానే వెలుగుతుంది కాబట్టి అప్పుడు దాన్ని చూసి కంగారుపడేందుకేం లేదు. తుంటా నడుమా తేలకపోతే తుంటిలోకి మత్తుమందు మాత్రమే ఎక్కించి చూసే పరీక్ష నాకు నచ్చుతుంది. కాసేపు నొప్పి మాయమైతే దోషి తుంటి, మాయం కాకపోతే వేరేచోట వెతకాలి.

5. అన్నీ బాగున్నాయంటే

"రిపోర్టులన్నీ నార్మల్" అన్న మాట విన్నప్పుడు చాలామంది దాన్ని "నీకు నొప్పి లేదు" అని అర్థం చేసుకుంటారు. కొందరు డాక్టర్లు అనేదీ అలాగే ఉంటుంది. నిజానికి అది మంచి కబురు: కీలు పాడవలేదు, కదిలితే ఏమీ విరగదు. ఇక మిగిలింది నొప్పిని మోసే వ్యవస్థ.

ఏళ్ల తరబడి అరిగిన కీలుతో గడిపినవాళ్ల వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలకి అలవాటుపడి, వాటిని పెంచి చూపించడం నేర్చుకుంటాయి. దొంగలు పోయాక కూడా మోగుతూనే ఉండే అలారం లాంటిది. కీలు మార్చినా ఆ గొంతు వెంటనే తగ్గదు. ఆపరేషన్‌కి ముందు నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి, ఒంట్లో మరిన్ని చోట్ల నొప్పులు ఉన్నవాళ్లకి, ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో నొప్పి అదుపు కానివాళ్లకి, నిద్రలేమి, ఆందోళన, దిగులు ఉన్నవాళ్లకి ఇది జరిగే అవకాశం ఎక్కువ. ఆందోళన పేరు ఎత్తగానే "అంతా మనసులోనే అంటున్నారు" అని నొచ్చుకోకండి. నిద్ర చెడితే మరుసటి రోజు నొప్పి పెరగడం నరాల పనితీరే.

దీనికి మందులు వేరు. మామూలు నొప్పి మాత్రలు నరాల నొప్పి మీద పెద్దగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి డాక్టర్ ఇవ్వవచ్చు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి కొన్ని వారాలు చూడాలి, రెండు రోజుల్లో తేడా లేదని మానేయకూడదు, హఠాత్తుగానూ ఆపకూడదు. మగత, తూలడం ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు రాత్రి లేచేటప్పుడు జాగ్రత్త. మోకాలి చుట్టూ ఉన్న చిన్న నరాలను వేడితో మొద్దుబార్చే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స కొందరికి ఉపయోగపడుతుంది. ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లను (నల్లమందు జాతి నొప్పి మందులను) నెలల తరబడి వాడటం ఇక్కడ లాభంకన్నా నష్టమే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతివి కిడ్నీ, గుండె, కడుపు పుండు ఉన్నవాళ్లు సొంతంగా వాడకూడదు. పారాసెటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్లకీ కాలేయం జబ్బున్నవాళ్లకీ ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుందని మరవకండి.

గాటు చుట్టూ చర్మం ముట్టుకోనివ్వకపోతే ఇంట్లోనే చేసుకోదగ్గ పని ఒకటుంది. మొదట దూదితో, అలవాటయ్యాక మెత్తని బట్టతో, తర్వాత గరుకు తువ్వాలుతో రోజుకి రెండు మూడుసార్లు కొన్ని నిమిషాలు రుద్దండి. చర్మం మళ్లీ స్పర్శని స్పర్శగా తీసుకోవడం నేర్చుకుంటుంది.

6. కాలికి బలం తిరిగి తెచ్చుకోండి

ఏడాది దాటినా తొడ ముందు కండరం రెండో కాలికన్నా బలహీనంగా ఉండటం సాధారణం. తుంటిలో అయితే పక్క కండరం బలహీనపడి ఒక పక్కకి ఒరుగుతూ నడుస్తారు, ఆ నడక వల్ల నడుమూ, రెండో కాలూ నొప్పెడతాయి. ఇంటికి వచ్చిన మొదటి నెల వ్యాయామాలే ఇప్పటికీ చేస్తుంటే అవి చాలవు. ఫిజియోథెరపిస్ట్‌ని మళ్లీ కలిసి, బరువు పెంచుకుంటూ పోయే వ్యాయామాలు అడగండి.

ఎంత చేయాలన్నదానికి కొలత ఇది: చేసేటప్పుడు కాస్త నొప్పి పెరగవచ్చు, మరునాడు పొద్దుటికి మామూలుకి రావాలి. రాకపోయినా, వాపు పెరిగినా, ఆ రోజు చేసినదాంట్లో నాలుగో వంతు తగ్గించండి, మానేయకండి. బాగున్న రోజు పనులన్నీ ఒకేసారి చేసి తర్వాత రెండు రోజులు మంచమెక్కడం చాలామంది చేసే పని. నడకని గంటకి బదులు పది నిమిషాల చొప్పున విడగొడితే నెలకి ఎక్కువ దూరం నడుస్తారు. చేతికర్ర ఆపరేషన్ అయిన కాలి పక్క కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి.

7. రెండో ఆపరేషన్ మాట వస్తే

కారణం స్పష్టంగా దొరికినప్పుడు మళ్లీ ఆపరేషన్ చేయడంలో అర్థముంది. కీలు వదులైంది, ఇన్‌ఫెక్షన్ ఉంది, గిన్నె తప్పుగా కూర్చుంది అంటే అదే సరైన దారి కావచ్చు. కారణం దొరకకుండా నొప్పి కోసమే మళ్లీ తెరిస్తే మాత్రం ఫలితాలు నిరాశపరుస్తాయి. నొప్పి అలాగే ఉండవచ్చు, పెరగనూవచ్చు. రెండో ఆపరేషన్‌లో ఎముక మరింత పోతుంది, ఇన్‌ఫెక్షన్ ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ.

కాబట్టి సర్జన్‌ని సూటిగా అడగండి. నా నొప్పికి కారణం ఇదీ అని మీరు ఏ పరీక్ష ఆధారంగా అంటున్నారు? ఇన్‌ఫెక్షన్ లేదని నీరు తీసి చూశారా? ఏ భాగం మారుస్తారు, ఏది ఉంచేస్తారు? ఇలాంటి ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? చేయించుకోకపోతే కీలు పాడవుతుందా, లేక నొప్పి మాత్రమే ఉంటుందా? చివరి ప్రశ్నకి "నొప్పి మాత్రమే" అన్న జవాబు వస్తే మీకు వ్యవధి ఉన్నట్టే. మూడో మెట్టులో జమచేసిన కాగితాల కట్ట తీసుకుని, మొదటి ఆపరేషన్‌తో సంబంధం లేని, రివిజన్ ఆపరేషన్లు (మార్చిన కీలుని మళ్లీ మార్చేవి) తరచుగా చేసే మరో సర్జన్ దగ్గరికి వెళ్లి, ఇదే నొప్పిని మొదటినుంచి చెప్పండి. మొదటి డాక్టర్ ఏమన్నారో మాత్రం ఆయన అడిగాకే చెప్పండి.